పెళ్లివాచీకి బంగారు చైను: మేనల్లుడికి ఒక ఉత్తరం

చి॥ శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

అత్తారింటివాళ్లు గొలుసు, ఉంగరంతో పాటు బంగారు చైను వాచీ కూడా పెడతామన్నారనీ, అది హుందాగా ఉంటుందో డాబుగా ఉంటుందో తేలడం లేదనీ రాశావు. మన కోనసీమలో బంగారాన్ని చూసి ఎవరూ నోరెళ్లబెట్టరు అల్లుడూ. చిక్కంతా చొక్కా చేతులతోనే. ఈ వాచీలు పుట్టిన చలిదేశాల్లో అది రోజంతా కోటు చేతికింద దాక్కుంటుంది, చెయ్యి చాపినప్పుడు అంగుళం మేర కనబడి మళ్లీ లోపలికి పోతుంది. మన ఉక్కపోతలో పొట్టిచేతుల చొక్కా తప్పదు. పొద్దుటినుంచి రాత్రిదాకా వాచీ పదిమంది ఎదుటా ఉంటుంది. కాబట్టి అక్కడివాళ్లు వాడే సైజూ మెరుపూ ఇక్కడ ఒక మెట్టు తగ్గించి తీసుకో.

మణికట్టు చుట్టుకొలత ఆరున్నర అంగుళాలుంటే 36 మిల్లీమీటర్ల కేసు, అంటే డయలుని పట్టి ఉంచే డబ్బా, చాలు. 41 ఎంచావంటే చైను తగిలించే చెవులు మణికట్టు అంచుదాకా వచ్చేయొచ్చు. అప్పుడది స్టీలుదైనా ఎబ్బెట్టే, బంగారమైతే దూరానికే కనబడుతుంది. చైను మొత్తం అద్దంలా మెరిసేది వద్దు, సన్నగీతల మ్యాట్ పనితనం ఎక్కువున్నది చూడు. డయలు చుట్టూ రాళ్లు పొదిగింది ఊరికే ఇచ్చినా వద్దను.

రంగు సంగతి కొట్టువాళ్లు చెప్పరు. వాచీ బంగారం 18 క్యారెట్లది, అంటే వెయ్యికి 750 పాళ్లు బంగారం, మిగతాది వెండీ రాగీ. మన నగలు 22 క్యారెట్లవి, 916 పాళ్లు. 22 మెత్తన, రోజంతా ఒరుసుకునే లింకులకు ఆగదు. అందుకే 18 వాడతారు. అయితే నీ చేతి ఉంగరం పక్కన పెడితే వాచీ వెలవెలబోతుంది. రాగి పాలు ఎక్కువుండే రోజ్ గోల్డ్ అయితే రెండూ ఇంకా తగువు పడతాయి. కొనేముందు ఆ ఉంగరం పెట్టుకునే వెళ్లి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో రెండూ చూసుకో. కొట్టులో దీపాలకింద అంతా బంగారమే. ఎడమచేతికి వాచీ ఉన్నప్పుడు అదే చేతికి బ్రాస్‌లెట్ వద్దు. డాబు సంగతి అటుంచు, రెండూ రాసుకుని గీతలు పడతాయి.

రోలెక్స్ కంపెనీ డే-డేట్ మోడల్ 1956లో వచ్చింది. దాన్ని బంగారంలోనో ప్లాటినంలోనో తప్ప చెయ్యరు. రోజూ పొలానికీ చెరువుగట్టుకీ తిరిగేవాడికి అది అతి అని నా అభిప్రాయం. 1945లో అదే కంపెనీ డేట్‌జస్ట్ మోడల్‌తో వచ్చిన జూబిలీ చైను ఐదు వరసల సన్నలింకులది. దాన్నే స్టీలూ బంగారం కలిపి, అంచులు స్టీలు, మధ్య వరసలు బంగారంగా చేస్తారు. తెల్లచొక్కాకీ జరీ అంచు పంచెకీ అది చక్కగా నప్పుతుంది. అత్తారివాళ్లను నొప్పించకుండా అదే అడుగు.

గిల్టుది మాత్రం వద్దు. పూత మందం మైక్రాన్లలో ఉంటుంది. మన చెమటకి ముందు కొక్కెం అంచులూ లింకుల మూలలూ తెల్లబడతాయి. స్టీలు వాచీకి కంసాలి చేత 22 క్యారెట్ల చైను చేయిద్దామని ఎవరో ఒకరు అంటారు చూడు, ఒప్పుకోకు. కేసు వంపుకి చివరి లింకు సరిగ్గా కూర్చోదు, కదిలి కదిలి స్ప్రింగ్ బార్ (చైనుని కేసుకి పట్టి ఉంచే సన్నపుల్ల) రంధ్రాలు కోలగా అరుగుతాయి, చివరికి వాచీ ఏ కాలవలోనో పడుతుంది.

పాతది కొంటే ఇలా పరీక్షించు. వాచీని పక్కకి తిప్పి, డయలు నీకేసి కాకుండా గోడకేసి ఉండేలా పట్టుకుని చైనుని అడ్డంగా చాపు. కొత్తదైతే దాదాపు తిన్నగా నిలబడుతుంది. అరిగిందైతే అరటాకులా కిందికి వంగుతుంది. లింకుల మధ్య దుమ్మూ చెమటా చేరి గరుకుకాగితంలా పిన్నుల్ని అరగదీస్తే వచ్చే జబ్బిది. మళ్లీ బిగించడానికి ఖర్చు గట్టిగానే అవుతుంది. కొక్కెం లోపల 750 ముద్ర ఉండాలి. స్విస్ హాల్‌మార్క్ పడినదైతే 1995 నుంచీ సెయింట్ బెర్నార్డ్ కుక్కతల గుర్తు ఉంటుంది. మన బీఐఎస్ ముద్ర లేదని కంగారుపడకు, వాచీలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది.

సైజు సాయంత్రం పూట చేయించు, పగటి వేడికి మణికట్టు కాస్త ఉబ్బుతుంది. చైనుకీ చర్మానికీ మధ్య చిటికెనవేలు దూరితే చాలు. లింకులు రెండువైపులా సమంగా తీయాలి, లేకపోతే కొక్కెం ఓ పక్కకి పోయి బల్లకి తగులుతుంది. కొక్కెంలో చిన్న సర్దుబాటు ఉందో, లేకపోతే అరలింకు దొరుకుతుందో కొనకముందే అడుగు. ఎండాకాలంలో అదే ఆదుకుంటుంది. తీసిన లింకులు పొట్లం కట్టి బిల్లుతో పాటు దాచు. వదులు చైను గాజుల్లా గలగలమంటుంది, డాబు సగం ఆ చప్పుడులోనే ఉంది.

బంగారం స్టీలుకి రెట్టింపు దాకా బరువు, వారం రోజులు చెయ్యి లాగుతుంది. రొయ్యల చెరువులో బ్లీచింగ్ చల్లే రోజు వాచీ ఇంట్లో వదిలేసి వెళ్లు. క్లోరిన్‌కి 18 క్యారెట్ల బంగారం, ముఖ్యంగా టంకం అతుకులు, పాడవుతాయి. పదిహేను రోజులకోసారి కీ బిగించి ఉందో లేదో చూసుకుని, గోరువెచ్చని నీళ్లలో చుక్క సబ్బుతో మెత్తటి టూత్‌బ్రష్‌తో లింకుల సందులు తోమి, గుడ్డతో ఒత్తి ఆరబెట్టు. నీళ్లకి ఆగే వాచీ కాకపోతే చైను విప్పే కడగాలి. ఏటా పాలిష్ పెట్టించకు, ప్రతిసారీ కాస్త బంగారం పోయి అంచులు గుండ్రబడతాయి.

బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ల పాన్ ఇవ్వాలి. ధర 10 లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్, అంటే కొట్టువాడే ముందుగా వసూలు చేసే ఆదాయప్పన్ను, పడుతుంది. అది రిటర్నులో సర్దుకోవచ్చని మీ మామగారికి చెప్పు.

పెళ్లిపీటల మీద పెట్టుకునే ఉంటావు కాబట్టి ఇదొక్కటి గుర్తుంచుకో. జీలకర్ర బెల్లం ఎత్తేముందు తీసెయ్యి. ఆ జిగురూ తలంబ్రాల పసుపూ కలిసి లింకుల్లో దూరాయంటే టూత్‌బ్రష్‌కి కూడా లొంగవు. తీసింది తోడపెళ్లికొడుకు జేబులో వేయకు, మీ అమ్మ చేతిసంచిలో పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య