టెక్ సందేహాలు: డీజే లైట్లలో ముందు ఏవి కొనాలి?

ప్రశ్న: పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు డీజే వేస్తుంటాను. ఎక్కువగా ఆరుబయటే. ఇన్నాళ్లూ లైట్లు అద్దెకు తెచ్చాను. సొంతంగా కొందామని వెళితే షాపులో రెండు షార్పీలు (తిరుగుతూ సన్నటి కిరణం వేసే లైట్లు) తీసుకోమన్నారు. సౌండ్ మోడ్‌లో, అంటే శబ్దాన్ని బట్టి లైటు తనంతట తానే మారేలా పెట్టుకుంటే కంట్రోలర్ కూడా అక్కర్లేదన్నారు. నిజమేనా?
– తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: షార్పీలకు తొందరపడకండి, ముందు పార్ లైట్లు (కదలకుండా ఒక చోట రంగు వెలుగు పరిచేవి) కొనండి. షార్పీ కిరణం గాల్లో గీత గీసినట్టు కనిపించాలంటే పొగ ఉండాలి. ఆరుబయట కాస్త గాలి వీచినా పొగ నిలవదు. అంతకన్నా పెద్ద చిక్కు కరెంటుతో. షార్పీల్లో వాడే 230 వాట్ల 7ఆర్ రకం ల్యాంపు వేడి మీద ఆరిపోతే చల్లబడేదాకా మళ్లీ వెలగదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లు చాలు. పాట మళ్లీ మొదలవుతుంది, షార్పీ మాత్రం కొన్ని నిమిషాలు చీకట్లోనే ఉంటుంది. తర్వాతెప్పుడైనా షార్పీలా తల తిరిగే లైటు (మూవింగ్ హెడ్) కొన్నా ఎల్‌ఈడీ రకమే చూడండి.

పార్‌లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మాత్రమే ఉన్నవి చౌకగా వస్తాయి. ఆ మూడూ కలిపి తెప్పించిన తెలుపు కింద ముఖాలు పాలిపోతాయి, పట్టుచీర అసలు రంగు కనపడదు. వార్మ్ వైట్ (పసుపు ఛాయ తెలుపు) గానీ యాంబర్ (నారింజ పసుపు) గానీ విడిగా ఉన్న పార్‌లు నాలుగు తీసుకోండి. రెండు స్టేజీకి, రెండు డ్యాన్స్ ఫ్లోర్‌కి.

డబ్బు కట్టేముందు షాపులోనే ఒక పరీక్ష చేయండి. లైటు వెలుగు బాగా తగ్గించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తే ఆ లైటు వద్దు. పెళ్లి వీడియోలో అవే పట్టీలు పడితే వీడియోగ్రాఫర్ మీ మీదకే వస్తాడు.

సౌండ్ మోడ్‌లో ప్రతి లైటూ తన లోపలి మైకుతోనే శబ్దం వింటుంది, దేని దారి దానిదే. పెద్దాయన మైకులో ఆశీర్వదిస్తుంటే కూడా రంగులు మారిపోతుంటాయి. అందుకే లైట్లన్నిటినీ కేబుల్ ద్వారా ఒకే చోటి నుంచి నడిపే డీఎంఎక్స్ కంట్రోలర్ కావాలి. లైటులో రంగు, వెలుగు లాంటి ఒక్కోదాన్ని నడిపే దారిని చానెల్ అంటారు. 192 చానెళ్ల చిన్న బోర్డు మీకు ధారాళంగా సరిపోతుంది. ల్యాప్‌టాప్ వాడతానంటే యూఎస్‌బీ–డీఎంఎక్స్ అడాప్టర్ కొని, ఉచితంగా దొరికే క్యూఎల్‌సీ ప్లస్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పార్‌ని 8 చానెళ్ల మోడ్‌లో పెడితే నాలుగింటి అడ్రస్‌లు (ఒక్కో లైటు మొదటి చానెల్ నంబర్లు) 1, 9, 17, 25. రెండు లైట్లు ఒకేలా ఆడాలంటే రెండింటికీ ఒకే అడ్రస్ ఇవ్వండి.

కేబుల్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. మైకు కేబుల్ పిన్ను కూడా లైటు సాకెట్‌లో పడుతుంది, పనిచేస్తున్నట్టే ఉంటుంది, కానీ దూరం పెరిగేకొద్దీ చివరి లైట్లు వాటంతటవే మిణుకుమంటాయి. డీఎంఎక్స్ కేబులే వాడి, చివరి లైటుకు 120 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే ప్లగ్గు) పెట్టండి. 1500 వాట్ల స్మోక్ మెషిన్‌ని 5 ఆంప్స్ సాకెట్‌కి తగిలించకండి, దానికి 15 ఆంప్స్‌ది కావాలి. సౌండ్‌కి, లైట్లకు లైన్లు వేరుగా అడగండి. ఎత్తులో కట్టే ప్రతి లైటుకూ క్లాంప్‌తో పాటు సేఫ్టీ వైరు తప్పనిసరి, కింద పిల్లలు ఆడుతుంటారు.

ప్రశ్న: డీజే లేజర్ పడితే ఫోన్ కెమెరా పాడవుతుందా?
– ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అవుతుంది. కిరణం నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ మీద చుక్కో గీతో శాశ్వతంగా ఉండిపోవచ్చు. పవర్ ఎక్కువ ఉన్న లేజర్ కంటికీ ప్రమాదమే. కిరణాలు జనం తలల కన్నా బాగా ఎత్తులో వెళ్లేలా పెట్టమని డీజే వాళ్లకు ముందే చెప్పండి. మీ వైపు తిరిగినప్పుడు వీడియో ఆపేయండి.