చిగుళ్ల క్లీనింగ్ మర్నాడు తెల్లకణాలు పెరిగితే

తమ్ముడూ, మిర్యాలగూడలో అమ్మకు చిగుళ్ల డీప్ క్లీనింగ్ చేయించిన మర్నాడే రక్తపరీక్షలో తెల్లకణాలు కొంచెం ఎక్కువ వచ్చాయని టెన్షన్ పడుతున్నావు. జ్వరం లేదన్నావు కాబట్టి అది క్లీనింగ్ ప్రభావమే కావచ్చు. పంటి వేరు మీది గార గీకేటప్పుడు అక్కడి బ్యాక్టీరియా కాసేపు రక్తంలోకి వెళ్తుంది, దాన్ని పట్టడానికి న్యూట్రోఫిల్ అనే రకం తెల్లకణాలు ఎగబడతాయి. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ కూడా కొద్ది రోజులు పెరిగి దిగుతుంది.

అసలు మేలు ఆ తర్వాతే. చిగుళ్ల కింద క్రిములు తగ్గితే, ఈ కణాలు నిత్యం రెచ్చిపోయి చుట్టూ ఉన్న కండనే దెబ్బతీయడం తగ్గుతుంది. అమ్మకు షుగర్ కదా, 3 నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించు, అదీ కొంత దిగొచ్చు. జ్వరం, వాపు, చీము కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కు చూపించు.