సైలెన్సర్ పైపు చిల్లుకు తాత్కాలిక మరమ్మతు

మీ కారు మఫ్లర్‌కు, అంటే పొగ గొట్టంలో చప్పుడు తగ్గించే డబ్బాకు, కాస్త ముందు పైపుకు చిల్లు పడిందని, జీతం వచ్చేదాకా రెండు వారాలు నెట్టుకొస్తే చాలని రాశారు. అది సాధ్యమే. కానీ ముందు ఒక మాట: ఆ చిల్లులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అతుకు వేశాక కూడా కారు అద్దాలు దించే నడపండి. మూసిన షెడ్డులో ఇంజన్ అసలు నడపవద్దు. తలనొప్పి గానీ కళ్లు తిరగడం గానీ మొదలైతే వెంటనే ఆపి బయటికి రండి.

నా పాత కారుకు ఇలాగే చేశాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక కారును స్టాండ్ల మీద నిలిపాను. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకండి, ప్రాణం మీదికి వస్తుంది. వైర్ బ్రష్‌తో తుప్పు రాలేదాకా రుద్దితే, శనగగింజంత అనుకున్న చిల్లు రూపాయి బిళ్లంత తేలింది. చుట్టూ వేడిని తట్టుకునే సైలెన్సర్ పేస్ట్ పూసి, పాలపొడి డబ్బా రేకు చుట్టి, రెండు చివరలా స్టీలు హోస్ క్లిప్పులు బిగించాను. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున పది నిమిషాలు కారు కదపకుండా ఇంజన్ నడిపాను. నెల దాటినా అతుకు ఊడలేదు.

మామూలు ఎపాక్సీ ముద్ద, ప్లాస్టిక్ టేపు వద్దు, ఆ వేడికి కాలిపోతాయి. చిల్లు ఇంజన్ దగ్గర, ఆక్సిజన్ సెన్సర్‌కు (పొగలో ఆక్సిజన్‌ను కొలిచే పరికరం) ముందు ఉంటే మాత్రం ఈ అతుకు పనికిరాదు, మెకానిక్‌కు చూపించండి.

దగ్గరలో వెల్డింగ్ షాపు ఉంటే రేకు అతుకుకు ఎంతవుతుందో ముందే అడగండి. అక్కడ చేయిస్తే వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ తప్పక తీయించండి.