ఆరో తరగతిలో చేరిన పాప బడికి వెళ్లనంటోంది, ట్యూషన్ పెట్టించాలా?

అమ్మా, మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఐదు వరకు ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో చక్కగా చదివిన పాప, ఈ జూన్‌లో మండల కేంద్రంలోని జడ్పీ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది. నెల తిరక్కముందే పొద్దున లేవగానే కడుపునొప్పి అంటోంది, ఫ్రెండ్స్ లేరని ఏడుస్తోంది, హిందీ అస్సలు అర్థం కావట్లేదంటోంది. ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు. నేను నల్లగొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏళ్ల తరబడి ఆరో తరగతికి క్లాస్ టీచర్‌ని. జూన్, జులై నెలల్లో మీ పాపలాంటి పిల్లల్ని ప్రతి ఏడూ చూస్తాను.

ఇప్పుడే ట్యూషన్ వద్దు. దసరా సెలవుల దాకా పాపకి కావలసింది రెండే: పక్కన కూర్చొని అన్నం తినే ఒక తోడు, ఏ పీరియడ్‌కి ఏం కావాలో తనంతట తాను చూసుకునే అలవాటు. ఈ రెండూ కుదిరితే చదువు దానంతటదే దారిలో పడుతుంది. కుదరకపోతే, ట్యూషన్ వల్ల జరిగేది సాయంత్రం ఇంకో రెండు గంటలు అలసిపోవడమే.

పాప వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా ఒకరో ఇద్దరో టీచర్లు అన్నీ చెప్పేవారు. ఈ పిల్లకి ఏది వచ్చో ఏది రాదో వాళ్లకి తెలుసు. ఇప్పుడు ఆరు సబ్జెక్టులకి ఆరుగురు. గంట కొట్టగానే ఒక సారు వెళ్లిపోతారు, ఇంకో మేడమ్ వస్తారు. ఇంటిపని ఎవరికి వారే ఇస్తారు. పరిసరాల విజ్ఞానం అని ఒకే పుస్తకంగా ఉన్నది సైన్స్, సోషల్ అని రెండైంది. హిందీ కొత్తగా వచ్చింది. ఐదో తరగతిలో బడికంతా పెద్దవాళ్లలా తిరిగిన పిల్లలు ఇక్కడ పదో తరగతి వాళ్ల మధ్య అందరికంటే చిన్నవాళ్లయిపోతారు. ఇంత మార్పు ఒక్క నెలలో పెద్దవాళ్లమైనా తట్టుకోలేం.

ఒకసారి ఒక పిల్లవాడి నోటుబుక్ తెరిచి చూశాను. ముందు వైపు నుంచి సైన్స్, వెనక నుంచి లెక్కలు, మధ్యలో రెండు పేజీలు హిందీ, దాని పక్కనే సోషల్ ఇంటిపని సగం. తెలివైన పిల్లవాడే. కానీ ఏది ఎక్కడ రాశాడో వాడికే దొరకదు. ప్రతి పీరియడ్‌లోనూ ‘బుక్ ఏదిరా’ అని తిట్లు. అందరూ వాడికి చదువు రాదనుకున్నారు. నిజానికి వాడికి రానిది పుస్తకాలు సర్దుకోవడం. సబ్జెక్టుకో నోటుబుక్ పెట్టించి, టైమ్‌టేబుల్ రాసి ఇంట్లో గోడకి అంటించమన్నాం. రాత్రి పడుకోబోయే ముందు రేపటి పీరియడ్లు చూసి బ్యాగ్ వాడే సర్దుకోవాలి, అమ్మ పక్కన నిలబడి చూడాలంతే. ఆ నెలలోనే తిట్లు తగ్గాయి. మీరూ ఇదే మొదలుపెట్టండి. సర్దడం మాత్రం మీరు చేసిపెట్టకండి. మొదటి వారం ఏదో ఒక పుస్తకం మర్చిపోతుంది, ఫర్వాలేదు.

ఇక హిందీ. ఇందులో భయపడాల్సింది నిజంగా చాలా తక్కువ. పాపకి తెలుగు వర్ణమాల వచ్చు కదా, హిందీ అక్షరాలూ అదే వరుసలో ఉంటాయి. క, ఖ, గ, ఘ తర్వాత ఏం వస్తుందో తనకి ముందే తెలుసు, రూపం మాత్రమే కొత్త. తెలుగులో ఉన్న పొట్టి ఎ, ఒ అక్షరాలు అందులో లేవు, అది ఇంకాస్త తేలిక. ఒక కాగితం మీద తెలుగు అక్షరం, దాని కింద హిందీ అక్షరం రాయించండి. రోజుకి ఐదు చాలు. పాప పేరు, మీ పేరు, ఊరి పేరు హిందీలో రాయించండి. వినాయక చవితి నాటికి గుణింతాలు చదివేస్తుంది. ఆడ, మగ అని వస్తువులన్నిటికీ లింగం ఉండే చోట మాత్రం అందరూ తడబడతారు, దానికి ఇంకా టైం ఉంది.

లెక్కల్లో నేను చూసేది ఎక్కాలు, భిన్నాలు. ఈ రెండిట్లో వెనకబడితే రోజూ పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. ముందు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకొని, తర్వాత ఇంగ్లిష్ పేజీకి రమ్మనండి.

ఇప్పుడు ఫ్రెండ్స్ సంగతి. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. హైస్కూలుకి నాలుగైదు ఊళ్ల పిల్లలు వస్తారు. ఒక ఊరి పిల్లలంతా ఒకే బెంచీలో కూర్చుంటారు, మధ్యాహ్న భోజనం ప్లేట్లు పట్టుకొని ఒకే చెట్టు కిందికి పోతారు. ఒంటరిగా వచ్చిన పిల్ల ప్లేటు పట్టుకొని ఎటు వెళ్లాలో తెలియక వరండా చివర కూర్చుంటుంది.

అలా కూర్చునే అమ్మాయి ఒకతె మా క్లాసులో ఉండేది. తండా నుంచి వచ్చేది, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగులో తప్పు మాట్లాడితే నవ్వుతారని అసలు నోరు విప్పేది కాదు. హిందీ మేడమ్ అంకెలు చెబుతుంటే ఈ పిల్ల తనలో తాను ముందే అనేస్తోందని గమనించారు. లంబాడీలో నీళ్లని పాణీ అంటారు, ఐదుని పాంచ్ అంటారు. మిగతా పిల్లలకి కొత్తగా ఉన్న మాటలు ఈమెకి ఇంటి మాటలు. మేడమ్ ఈ పిల్లని ముందు బెంచీలోకి మార్చి, అంకెలు అందరితో చెప్పించే పని అప్పగించారు. ఆ వారంలోనే ఇద్దరు అమ్మాయిలు హిందీ నోటుబుక్ పట్టుకొని ఆమె దగ్గరికి రావడం మొదలైంది. తర్వాత అన్నం కూడా ముగ్గురూ కలిసే తినేవాళ్లు. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి నా క్లాసులో చేయెత్తి డౌట్ అడిగేది.

మీ పాపకీ ఏదో ఒకటి బాగా వచ్చే ఉంటుంది. ముగ్గు, ఖోఖో, పాట, అందమైన చేతిరాత, ఏదైనా సరే. క్లాస్ టీచర్‌ని కలిసి అది చెప్పండి. ‘మా పాప మార్కులు చూడండి’ అని కాకుండా ‘మా పాపకి ఇంకా తోడు కుదరలేదు మేడమ్, కాస్త కలుపుగోలుగా ఉండే పిల్ల పక్కన కూర్చోబెడతారా’ అని అడగండి. మమ్మల్ని ఇలా అడిగే తల్లిదండ్రులు చాలా తక్కువ. అడిగితే ఏ టీచరూ కాదనరు. సాయంత్రం పాప రాగానే ‘ఇవాళ ఏం చెప్పారు’ అనే బదులు ‘అన్నం ఎవరి పక్కన తిన్నావ్’ అని అడగండి. అదే పేరు మూడు నాలుగు సార్లు వినిపిస్తే, ఒక ఆదివారం ఆ పిల్లని ఇంటికి పిలవండి.

కడుపునొప్పిని మాత్రం ఉత్త సాకు అనుకోకండి. ఆదివారం కూడా వస్తుంటే డాక్టర్‌కి చూపించండి. బడి ఉన్న రోజే వస్తుంటే బాత్రూమ్ సంగతి మెల్లగా అడగండి. కొత్త చోట బాత్రూమ్‌కి వెళ్లడానికి మొహమాటపడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగని ఆడపిల్లల్ని నేను ఎందరినో చూశాను. నొప్పికి అదే కారణం కావచ్చు. తలుపు గడియ పడకపోయినా, నీళ్లు రాకపోయినా హెడ్‌మాస్టర్‌కి చెప్పండి, నలుగురు తల్లులు కలిసి చెబితే ఇంకా మంచిది. పనిలో పనిగా నెలసరి గురించి కూడా ఇప్పుడే చెప్పేయండి. ఆరు, ఏడు తరగతుల్లో చాలామందికి మొదలవుతుంది. బ్యాగ్‌లో ఒక ప్యాడ్ పెట్టి, బడిలో ఏ మేడమ్ దగ్గరికి వెళ్లాలో పేరుతో సహా చెప్పి ఉంచండి.

పేర్లు పెట్టి ఏడిపించడం, పెన్నులు లాక్కోవడం లాంటివి ఉంటే వెంటనే క్లాస్ టీచర్‌కి చెప్పండి. టీచరే కొడుతుంటే సర్దుకుపొమ్మని పాపకి చెప్పకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మాటలతో వేధించడాన్ని నిషేధించింది. బడిలో మాట చెల్లకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.

బడి ఏడాదిలో మొదట జరిగే ఎఫ్ఏ-1 (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు తక్కువొస్తే కంగారుపడొద్దు. అందులో రాత పరీక్ష ఒక్కటే కాదు, నోటుబుక్కులకి, ప్రాజెక్టులకి కూడా మార్కులుంటాయి. నోటుబుక్కులు నిండుగా ఉంటే పాప దారిలోనే ఉన్నట్టు. అప్పటికీ ఏదైనా ఒక్క సబ్జెక్టులో మరీ ఆగిపోతే, ట్యూషన్ గురించి ఆ ఒక్కదానికే ఆలోచిద్దాం. ఎఫ్ఏ-1 అయ్యాక లెక్కల పేపర్‌లో ఏ లెక్క దగ్గర ఆగిందో చూసి ఇక్కడే రాయండి. దానికి ఇంట్లో ఏం చేయించాలో చెబుతాను.