భాషల వరం గురించి రాస్తున్న బిడ్డకు

బిడ్డా, వందనాలు.

భాషల వరం, అంటే ఆత్మ వల్ల నేర్చుకోని భాషలో మాట్లాడుడు, ప్రార్థన చేసుడు, అది యేసు పంపిన అపొస్తలుల కాలంతోనే ఆగిపోయింది అని నువ్వు రాసిన వ్యాసం వాట్సాప్‌లో వచ్చింది, పన్నెండు పేజీలు, రెండుసార్లు చదివిన, ఒకసారి ఫోన్లో, ఇంకోసారి మా మనవడు ప్రింట్ తీసిస్తే కాయితం మీద. యూత్ వాళ్ళ క్రిస్మస్ పత్రికకు ఇచ్చే ముందు ఒకసారి చూడండి అంకుల్ అన్నవ్ గదా, చూసిన. నీకు రాయడం వస్తది. ఈ మాట ముందే చెప్తున్న ఎందుకంటే కిందివి చదివి నాకు రాదేమో అని పెన్ను పక్కన పెట్టేస్తవేమోనని నా భయం. కానీ మూడో పేజీలో, అన్యభాషలు మాట్లాడేవాళ్ళంతా నటిస్తున్నరు లేకపోతే మోసపోయిన్రు అని రాసినవ్ చూడు, అక్కడ నేను చదవడం ఆపి బయటికి పోయి కొంచెంసేపు కూసున్న. ఇంచుమించు ఇదే మాట నేను 1984లో రాసిన.

అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు, కాజీపేటలో రైల్వే నౌకరీ కొత్తగా వచ్చింది. మాది హన్మకొండ బాప్టిస్టు కుటుంబం, తాతల నాటి నుంచి అదే గుడి, అవే కీర్తనలు. మా చెల్లె జరమొచ్చి చనిపోయినంక అమ్మ మాత్రం మా గల్లీ చివర రేకుల షెడ్డులో జరిగే పెంతెకొస్తు ప్రార్థనకు పోవుడు మొదలుపెట్టింది. రాత్రి అందరం పండుకున్నంక వంటింట్లో లైటు ఆర్పి మోకాళ్ళ మీద ఉండి ఏదో మాట్లాడేది, అది తెలుగు కాదు, హిందీ కాదు, సన్నగా, ఎవరినో బతిమాలుతున్నట్టు ఉండేది. నాకు సిగ్గయ్యేది. ఆ సిగ్గుతోనే వ్యాసం రాసిన, సంఘ పత్రికలో అచ్చయింది, పెద్దలందరు మెచ్చుకున్నరు. అమ్మకు చదువు రాదు, అందుకని నేనే గొప్పగా చదివి వినిపించిన. ఆమె చాలాసేపు ఏమనలే, చాటలో బియ్యం ఏరుకుంట కూసున్నది, తర్వాత, అంటే నేను నటిస్తున్ననా కొడుకా, అన్నది. అంతే. ఆ తర్వాత పదకొండేండ్లు బతికింది గాని నాకు వినపడేటట్టు మళ్ళ ఎన్నడూ ప్రార్థన చేయలే.

భాషలు ఆగిపోయినయని రాయొద్దు అంటలేను బిడ్డా. అట్ల నమ్మేవాళ్ళు మస్తు మంది ఉన్నరు, వాక్యం బాగ చదివేవాళ్ళు, ప్రార్థన చేసేవాళ్ళు. నా బాధ ఏందంటే వాళ్ళ వాదనలో ఉన్న బలం కూడా నీ వ్యాసంలో రాలే. వాళ్ళు దేవుడు ఇయ్యాల అద్భుతాలు చేయడు అనరు, మనవాళ్ళలో ఎవరన్న ఎంజీఎం దవాఖానలో అడ్మిట్ అయితే వాళ్ళు కూడా పోయి స్వస్థత కోసం ప్రార్థన చేస్తరు. వాళ్ళు చెప్పేది వేరే: సంఘానికి పునాది అపొస్తలులు, ప్రవక్తలు అని ఎఫెసీ 2లో ఉన్నది గదా, పునాది ఒకసారే వేస్తరు, ఆ అపొస్తలుల మాట నిజమని చూపించడానికి దేవుడు ఇచ్చిన గుర్తులే ఈ వరాలు, హెబ్రీ 2లో కూడా సూచక క్రియలతో దేవుడే సాక్ష్యమిచ్చిండని ఉన్నది, కాబట్టి పునాది పడ్డంక, లేఖనాలు చేతికొచ్చినంక ఆ గుర్తుల పని అయిపోయింది అంటరు. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో దైవశాస్త్రం పాఠాలు చెప్పిన వార్‌ఫీల్డ్ 1918లో పుస్తకం మొత్తం ఇదే వాదన మీద రాసిండు. నువ్వు ఇది ఒక్క లైన్‌లో తేల్చేసి, తర్వాత యూట్యూబ్‌లో చూసిన పాస్టర్ల మీద నాలుగు పేజీలు రాసినవ్. వాళ్ళ మీద కోపం నాకూ ఉన్నది, అది వేరే సంగతి.

ఇగ నీ వ్యాసానికి నడుమ స్తంభం 1 కొరింథీ 13:8, భాషలైనను నిలిచిపోవును. దాన్ని అక్కడే కోసేసినవ్. అదే వచనంలో జ్ఞానమైనను నిరర్థకమగును అని కూడా ఉన్నది, మరి జ్ఞానం పోయిందా? ఎప్పుడు పోతయో ఆ పత్రిక రాసిన పౌలే చెప్పిండు, పూర్ణమైనది వచ్చినప్పుడు అని. ఆ పూర్ణమైనది అంటే బైబిల్ పూర్తవడం అని కొందరు, సంఘం ఎదిగి పెద్దదవడం అని కొందరు, ప్రభువు రాకడ అని చాలామంది. నేను మూడోదాని దిక్కు ఉన్న, ఎందుకంటే రెండు వచనాల కిందికి పోతే అప్పుడు ముఖాముఖిగా చూతుము అంటడు పౌలు, చేతిలో బైబిల్ అరవై ఆరు పుస్తకాలు ఉన్నా నేనింకా ముఖాముఖి చూస్తలేను, అద్దంలోనే చూస్తున్న. గ్రీకులో భాషలకు వాడిన క్రియ వేరు కాబట్టి అవి వాటంతట అవే ఆగిపోతయని ఒక వాదన ఉన్నది, నువ్వు ఎక్కడో విని పెట్టినవ్, కానీ గ్రీకు బాగ తెలిసినోళ్ళు చాలామంది ఆ ఒక్క క్రియారూపం మీద అంత బరువు పెట్టొద్దంటరు. నీకు రాని భాష మీద నీ వ్యాసాన్ని నిలబెట్టకు.

చరిత్ర పేరా కూడా మార్చాలె. మొదటి శతాబ్దంతోనే ఆగిపోయినయని చరిత్ర సాక్ష్యం అని రాసినవ్. రెండో శతాబ్దం చివర లియోన్స్ బిషప్ ఐరేనియస్, ఆత్మ వల్ల రకరకాల భాషలు మాట్లాడే సహోదరుల గురించి మేం వింటున్నం అని రాసిండు. అట్లనే నాలుగో శతాబ్దం చివరలో క్రిసోస్తొమ్ అనే పేరున్న ప్రసంగీకుడు కొరింథీ పత్రిక మీద ప్రసంగిస్తూ, ఈ భాగం అర్థం కావడం కష్టం, అప్పుడు జరిగినయి ఇప్పుడు జరుగుతలేవు కాబట్టి మనకు తెలుస్తలేదు అన్నడు. రెండూ పెట్టు. ఒకటి నీకు కలిసొస్తది, ఇంకోటి రాదు, అయినా రెండూ పెట్టు. నాకు వీళ్ళందరి కంటే అగస్టీన్ ఇష్టం. ఆయన చిన్నప్పుడు, అంటే రాయడం మొదలుపెట్టిన కొత్తలో, అద్భుతాల కాలం అయిపోయింది అన్నట్టు రాసిండు. తర్వాత ఆఫ్రికాలోని హిప్పోలో బిషప్ అయినంక కండ్ల ముంగట స్వస్థతలు చూసి, రెండేండ్లు కూడా నిండకముందే దాదాపు డెబ్బై సాక్ష్యాలు రాయించి పెట్టుకున్నడు. ముసలితనంలో తన పాత పుస్తకాలన్నీ ముంగటేసుకుని ఇక్కడ నేను రాసింది ఇట్ల అర్థం చేసుకోవాలె అని దిద్దుకున్నడు కూడా. అంత పెద్దాయన. కానీ భాషల విషయంలో మాత్రం అవి ఆ కాలానికి తగిన గుర్తు, అయిపోయినయి అనే చెప్పిండు, అది దాచి అగస్టీన్ మా దిక్కే అని నేను రాస్తే నేను అబద్ధం రాసినట్టే.

ఇంకో తప్పు, భాషలు పెంతెకొస్తు వాళ్ళకే పరిమితం అని రాసినవ్. 1967లో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఒక కాథలిక్ యూనివర్సిటీ విద్యార్థుల రిట్రీట్‌లో, అంటే ప్రార్థన శిబిరంలో, కాథలిక్కుల్లో భాషల్లో ప్రార్థన చేసే ఉద్యమం మొదలై లోకమంతా పాకింది. మన దేశంలో చూస్తే పండిత రమాబాయి ముక్తి మిషన్, పూణె దగ్గర కేడ్‌గావ్‌లో, 1905లో అక్కడ ఉజ్జీవం వచ్చింది, తర్వాత భాషలు కూడా వినపడ్డయి. పెంతెకొస్తు ఉద్యమానికి పుట్టినిల్లు అని చాలామంది చెప్పే లాస్ ఏంజెలస్ అజుసా వీధి కూటాలు మొదలైంది 1906లో. అంటే మన ఆడపిల్లలు, విధవలు, కరువులో దిక్కులేక వచ్చిన పిల్లలు ఏడ్చి ప్రార్థన చేసుకుంటున్న ఆ ఇంట్లో ఉజ్జీవం అంతకంటే ముందే వచ్చింది. అమెరికా నుంచి దిగుమతి అని నువ్వు రాసిన మాట ఒక్కసారి ఆలోచించుకో.

ఇగ నేను ఉన్న దిక్కు, అంటే భాషలు ఇప్పటికీ ఉన్నయి అనేవాళ్ళ గురించి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. మా సంఘానికి బయట, 1990ల్లో, ఒక ఊరిలో కనిపెట్టు ప్రార్థనలకు, అంటే ఆత్మ కోసం ఎదురుచూసే ప్రార్థనలకు పోయిన, ఏ ఊరో వద్దులే. రాత్రి పదకొండు దాటింది, పిల్లలను ముంగటికి పిలిచి హల్లెలూయ హల్లెలూయ అని వేగంగా అనుమన్నరు, ఇంకా వేగంగా, నాలిక తడబడేదాక, తడబడంగనే వచ్చింది వచ్చింది అని చప్పట్లు. ఒక పిల్లకు మాత్రం రాలే, పదో తరగతి చదివే పిల్ల, నీలోనే ఏదో పాపం ఉన్నది ఒప్పుకో అని అందరి ముంగట అన్నరు. ఆ పిల్ల ఏం ఒప్పుకుంటది? చాలా ఏండ్ల తర్వాత కలిసింది, ఇద్దరు పిల్లల తల్లి, అంకుల్ నాకు ఆత్మ లేదేమో అని ఇంకా అనిపిస్తది అన్నది. అందరు భాషలతో మాటలాడుచున్నారా అని పౌలు అడిగిండు, జవాబు లేదు అనే కదా. ఆత్మ బాప్తిస్మానికి, అంటే ఆత్మతో నిండడానికి, మొదటి గుర్తు భాషలే అని నేర్పే సంఘాలు దీనికి ఒక జవాబు చెప్తయి, గుర్తుగా వచ్చే భాష వేరు, వరంగా ఉండే భాష వేరు అని. వాళ్ళ జవాబు కూడా నీ వ్యాసంలో ఉండాలె. నాకైతే ఆ తేడా లేఖనంలో అంత స్పష్టంగా కనపడదు, ఆ పిల్ల ముఖం గుర్తొస్తే అస్సలు కనపడదు.

అసలు భాష అంటే ఏందో కూడా నువ్వు ముట్టుకోలే, మంచి విషయమంతా అక్కడనే ఉన్నది. అపొస్తలుల కార్యములు 2లో పార్తీయులు, మాదీయులు, అరబీయులు ఎవరి భాషలో వాళ్ళు విన్నరు, తర్జుమా అవసరం పడలే. కొరింథులో చూస్తే భాషతో మాట్లాడేవాడు దేవునితోనే మాట్లాడుతడు, ఎవరికీ అర్థం కాదు, అర్థం చెప్పే వరం ఇంకోటి కావాలె. రెండూ ఒకటేనా? అజుసా కాలం వాళ్ళు ఇవి నిజమైన దేశ భాషలే అనుకున్నరు, గార్ అనే పాస్టరు తనకు బెంగాలీ వచ్చిందని నమ్మి భార్యతో కలకత్తా దాకా ఓడెక్కి వచ్చిండు. బెంగాలీ రాలే. అయినా ఆయన వెనక్కి పోకుండ అక్కడి మిషనరీలకు ప్రసంగాలు చేసిండు. తర్వాత సమారిన్ అనే భాషాశాస్త్రవేత్త చాలా కూటాలు తిరిగి రికార్డు చేసి 1972లో పుస్తకం తెచ్చిండు, ఇందులో భాషకుండే వ్యాకరణం లేదు, మాట్లాడేవాళ్ళ సొంత భాష శబ్దాలే తిరిగి వస్తున్నయి అని. నేను విన్నకాడికి అది నిజమే అనిపిస్తది, మన షెడ్డుల్లో వినపడే శబ్దాలు మన నోటికి అలవాటైనవే. పెన్సిల్వేనియాలో 2006లో అయిదుగురు ఆడవాళ్ళకు స్కాన్ చేసి చూసిన్రు, భాషల్లో ప్రార్థన చేస్తున్నప్పుడు మెదడు ముందుభాగంలో పని తగ్గింది, అంటే నోటిని తామే నడిపిస్తలేమని వాళ్ళు చెప్పేదానికి అది సరిపోయింది. అయిదుగురే, ఎక్కువ లాగకు. ఇవేవీ దేవుడు ఉన్నడు అని గాని లేడు అని గాని తేల్చవు, కానీ నటన అనే మాట మాత్రం అంత తేలిగ్గా రాయనియ్యవు. ఏడ్పుకు వ్యాకరణం ఉంటదా? మా అమ్మ ఆ చీకట్ల చచ్చిపోయిన బిడ్డ గురించి దేవునితో ఏం చెప్పాల్నో తెలుగులో దొరకక అట్ల మాట్లాడిందని నాకు ఇప్పుడు అనిపిస్తది. అది కొరింథులో ఉన్న వరమేనా అని అడిగితే నేను అవును అంట, అది నా నమ్మకం, వ్యాసంలో రాస్తే నమ్మకం అనే రాస్త.

సంఘంలో అయితే నేను కఠినం. ఇద్దరు లేకపోతే ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండాలె, ఇది 1 కొరింథీ 14లో పౌలు పెట్టిన రూలు. మైకులో అయ్యగారు భాషలు మాట్లాడుతుంటే స్పీకర్లు గల్లీ అంతా వినిపిస్తయి, అర్థం చెప్పేవాడు ఉండడు, బయట నిలబడ్డ మన హిందూ పక్కింటాయన వీళ్ళకు పిచ్చి పట్టింది అనుకుంటడు, అట్ల అనుకుంటరని పౌలు ముందే రాసిపెట్టిండు గదా. అదే అధ్యాయం చివర భాషలతో మాట్లాడుట ఆటంకపరచకుడి అని కూడా ఆయనే రాసిండు. ఒక దిక్కోళ్ళు ముందుదాన్ని వదిలేస్తరు, ఇంకో దిక్కోళ్ళు వెనకదాన్ని. పద్నాలుగో అధ్యాయం మొత్తం ఒకే కూర్చోవడంలో గట్టిగా చదువు, మూడుసార్లు.

నువ్వు రాసేదానికి కూడా నాకు ఆ అధ్యాయంలోనే పాఠం దొరికింది. మీ అందరికంటె ఎక్కువగా నేను భాషలతో మాట్లాడుతున్న అని చెప్పిన మనిషే, సంఘంలో పదివేల మాటల కంటే అర్థమయ్యే అయిదు మాటలు మేలు అన్నడు. నీ రెండో పేజీ చూడు, నిరర్థకత, దైవప్రత్యక్షత, లేఖన సమాప్తి, ఒక్క పేరాలో ఇన్ని. మన సంఘంలో ఆదివారం ముందు వరుసలో కూసునే బీడీల అక్కలకు ఆ పేరా అన్యభాషే, అర్థం చెప్పేవాడు లేడు. నిలిచిపోవును అంటే ఆగిపోతయి అని రాయి. ఫాతిమానగర్ కాథలిక్కులు చదువుతరు, డోర్నకల్ దిక్కు సీయస్సై సంఘం వాళ్ళు చదువుతరు, షెడ్డు వాళ్ళు కూడా చదువుతరు, అందరికి ఒకే తెలుగు. ఎదుటివాళ్ళ వాదన నువ్వు రాసింది వాళ్ళే చదివి, అవును మేము చెప్పేది ఇదే అనాలె, ఆ తర్వాతనే అక్కడ నాకు తేడా అనిపిస్తది అని మొదలుపెట్టు.

ఇంకో పని ఉన్నది. మీ ఇంటెనక ఉండే నర్సమ్మ అక్కలాంటోళ్ళు, భాషల్లో ప్రార్థన చేసేవాళ్ళు, నీకు తెలిసినోళ్ళు ఒక్కరన్న ఉంటరు. పోయి కూసో. రికార్డు చేయకు, ఎప్పుడు మొదలైందమ్మా అని అడుగు, చాయ్ ఇస్తే తాగు. తర్వాత కూడా ఆగిపోయినయి అనే నీకు అనిపిస్తే అదే రాయి, నేను పత్రిక వాళ్ళకు నువ్వు రాసింది అచ్చెయ్యమని చెప్త. మూడో పేజీ మాత్రం తీసెయ్యి. వచ్చే ఆదివారం ఆరాధన అయినంక ఇంట్లనే ఉంట, కొత్తది పట్టుకుని రా, ఇద్దరం కూసుని చదువుదం, మీ ఆంటీ కూడా ఉంటది, ఆమెకు గట్టిగా చదివి వినిపించాలె నువ్వు.