సోదాలో తప్పు జరిగితే శిక్ష రద్దవుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు బస్సులో వెళ్తుండగా 24 కిలోల గంజాయితో పట్టుకున్నారు. ప్రత్యేక కోర్టు పదేళ్ల జైలు, లక్ష జరిమానా వేసింది. సోదాకు ముందు గెజిటెడ్ ఆఫీసర్‌ని పిలిపించుకునే హక్కు ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఈ ఒక్క పాయింటుతో హైకోర్టులో కేసు కొట్టేస్తారంటున్నారు. నిజమేనాండీ? తీర్పు వచ్చి నెల దాటింది, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: మీరు చెప్పేది మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 50. అది ఒంటిమీద చేసే సోదాకే వర్తిస్తుంది. చేతిలోని సంచి దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చేసింది. 24 కిలోలు ఎవరూ జేబులో పెట్టుకుని బస్సెక్కరు కదా! సరుకు సంచిలో దొరికి ఉంటే ఆ పాయింటు మీద ఆశ పెట్టుకోకండి.

నేనైతే సెక్షన్ 52ఏ దగ్గర వెతుకుతాను. సరుకు జాబితాను మేజిస్ట్రేటు ధ్రువీకరించాలి, శాంపిళ్లు ఆయన సమక్షంలో తీయాలి. రోడ్డు పక్కనే వీఆర్వో ఎదుట శాంపిల్ కట్టి, దాన్నే ల్యాబ్‌కి పంపిన కేసులు నేను చూశాను. అయితే ఆ లోపం ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. దానివల్ల సరుకు మీదే అనుమానం రావాలి.

అందుకే మధ్యవర్తుల నివేదిక (సోదా చోట సాక్షుల ఎదుట రాసే పంచనామా), స్టేషన్ ప్రాపర్టీ రిజిస్టరు, ల్యాబ్ రిపోర్టు మూడూ పక్కపక్కన పెట్టి చదవాలి. నివేదికలో శాంపిల్ 50 గ్రాములని ఉండి, ల్యాబ్ తూకంలో 38 వచ్చిందనుకోండి. లేదా మధ్యలో వారం రోజులు ఆ ప్యాకెట్ ఎవరి దగ్గరుందో రిజిస్టరులో లేదనుకోండి. అప్పుడు 'పట్టుకున్నదీ పరీక్షించిందీ ఒకటేనా' అని గట్టిగా అడగొచ్చు. పొరపాటు వల్ల న్యాయానికి భంగం కలిగిందని చూపకపోతే శిక్ష మార్చనక్కర్లేదని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టాల్లో, అంటే పాత సీఆర్‌పీసీలో 465, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 511 సెక్షన్లు చెబుతాయి. ఆ అభ్యంతరం కింది కోర్టులోనే ఎందుకు లేవనెత్తలేదనీ అడుగుతారు. కాబట్టి క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ వకీలు ఏం అడిగారో చూడాలి. సాక్ష్యం ముగిశాక జడ్జి ముద్దాయికి వేసే ప్రశ్నల కాగితం కూడా తేండి. ముఖ్యమైన ఆధారమేదైనా అందులో అడగకుండా వదిలేసి, దానివల్ల మీవాడికి నష్టం జరిగి ఉంటే అదీ పాయింటే.

గడువు సంగతి. హైకోర్టుకు అప్పీలు 60 రోజుల్లో వేయాలి. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులో లెక్కించరు. జైలు శిక్ష పడినవాళ్లకి తీర్పు కాపీ ఉచితం. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ పిటిషన్ వేయాలి. మీ తమ్ముడు జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపొచ్చు. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు రాయమనండి.

అప్పీలు వేయగానే బయటికి వస్తాడనుకోవద్దు. గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష నిలిపివేతకు ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 37 అడ్డొస్తుంది. నేరం చేయలేదనడానికి, బయటికొస్తే మళ్లీ చేయడనడానికి కోర్టుకు నమ్మకం కలగాలి. ముందు ఆ మూడు కాగితాల నకళ్లు తీయించండి.