గోదావరి బ్రిడ్జి పిల్లర్ల కింద పిల్లల్ని పాతిపెట్టారన్నది నిజమేనా?

రాజమండ్రి పాత బ్రిడ్జికి నరబలి ఇచ్చారని మీ అత్తగారు చెబుతున్నారనీ, అది విని మీ పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోందనీ రాశారు. మాది కొవ్వూరు దగ్గరేనండి. ఆ కథ మా ఇంట్లో అన్నంతో పాటు కలిపి పెట్టేవారు. పిల్లరుకొక పిల్లాడు, ఇదీ మా అమ్మమ్మ లెక్క. హేవలాక్ బ్రిడ్జికి, అదే ఆ పాత బ్రిడ్జికి, 56 స్పాన్లున్నాయని (పిల్లరుకీ పిల్లరుకీ మధ్య భాగాన్ని స్పాన్ అంటారు) బళ్లో తెలిసిన రోజు ఇంటికొచ్చి, అంతమంది పోతే ఎవరో ఒకరు ఏడవాలి కదా, ఎవరి పిల్లలు అమ్మమ్మా అని అడిగితే, "ఎవరో దూరదేశం వాళ్లు లేరా" అంది. అడిగినప్పుడల్లా దూరదేశం వాళ్లే.

సూటిగా చెప్పాలంటే అబద్ధం. ఆ బ్రిడ్జి పని 1897లో మొదలై 1900లో రైళ్లు నడిచాయి, కట్టించిన ఇంజనీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టి వచ్చినవాడు. బలి ఇస్తేనే నిలబడుతుందనుకుని కట్టింది కాదు. మూడేళ్లు నది మధ్యలో పని, సేఫ్టీ అన్న మాటే లేని రోజులు, కూలీల ప్రాణాలు పోకుండా ఉంటాయని మాత్రం నేననుకోను. బలి అన్న మాటలో పిసరంత నిజం ఉంటే అక్కడుండాలి.

మరి పుకారు ఎలా పుడుతుందో నాకు కొంచెం దగ్గరగా తెలుసు. 90లలో మూడో బ్రిడ్జి, అదే ఇప్పుడు విల్లుల్లా వంపులతో కనిపించే ఆర్చి బ్రిడ్జి, కడుతున్నప్పుడు మా మావయ్య అక్కడ పనికెళ్లేవాడు. గోదారిలో పునాది అంటే గొయ్యి తవ్వి రాళ్లు పేర్చడం కాదు. ఇసుక మీద పెద్ద బావి ఒరలాంటిది కట్టి లోపలి ఇసుక తోడేస్తూ ఉంటే అది తన బరువుకి తనే కిందకి దిగుతుంది, దిగినకొద్దీ పైన మళ్లీ కడుతూ పోతారు. ఒక్కోసారి ఆ బావి మొండికేస్తుంది. బంకమట్టి తగిలో, ఎప్పటిదో దుంగ అడ్డం పడో వారమైనా అంగుళం కదలదు, లేదా ఓ పక్కకి ఒరుగుతుంది. అలా ఒకటి ఒరిగినప్పుడు "గోదారమ్మ అడుగుతోందిరా" అని ఎవరో అన్నారట. పనివాళ్లే తలో పది రూపాయలేసుకుని కోడిపుంజుని కోశారు. ఇంజనీర్లేమో ఒరిగిన వైపుకి ఎదురుగా బరువులు పేర్పించి, అటుపక్క ఇసుక ఎక్కువ తోడించారు. రెండ్రోజులకి సర్దుకుని దిగింది. కోడి వల్లా, బరువుల వల్లా మావయ్యా అంటే, "కూర మాత్రం బాగుందిరా" అనేవాడు. ఆ కోడి ఏరు దాటి కొవ్వూరు చేరేసరికి చిన్నపిల్లాడైపోయింది.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోకండి. బంగ్లాదేశ్‌లో పద్మా నది మీద ఆరు కిలోమీటర్ల పైచిలుకు బ్రిడ్జి కడుతుంటే 2019లో, దానికి మనుషుల తలకాయలు కావాలంటున్నారని ఫేస్‌బుక్‌లో పాకింది. అది నిజం కాదు మొర్రో అని బ్రిడ్జి అధికారులే ప్రకటన ఇచ్చినా ఆగలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న అనుమానంతో జనం కొట్టి చంపిన వాళ్లలో, బిడ్డని బళ్లో చేర్పించే సంగతి కనుక్కుందామని ఢాకాలో ఓ స్కూలుకెళ్లిన తల్లి కూడా ఉంది.

ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మూడో బ్రిడ్జి రోజుల్లోనే, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా ఊరి రేవు దగ్గర మునిమాపు వేళ ఒక ముసలాయన భుజాన గోనెసంచితో వెళ్తున్నాడు. సంచిలో ఏదో కదిలింది. "అమ్మో, బ్రిడ్జివాడు!" అని అరిచింది నేనే. వలలు ఆరేస్తున్న వాళ్లూ, సైకిళ్ల మీద పోయేవాళ్లూ నిమిషంలో మూగిపోయారు. ఎవరూ ఏమీ అడగలేదు, ముందు కొట్టారు. తర్వాత సంచి బోర్లిస్తే ఖాళీ సీసాలు, రేకు డబ్బాలు, ఒంటి చెప్పు, ఒక కుక్కపిల్ల. ఆయన ముందు కుక్కపిల్లని తడిమి చూసుకుని చంకన పెట్టుకున్నాడు, ఆ తర్వాతే మూతి మీద రక్తం తుడుచుకున్నాడు. సీసాలు ఏరిచ్చినవాడు లేడు. నేను మా అమ్మ వెనక దాక్కున్నాను. ఇంటికొచ్చాక అమ్మమ్మ నా బుగ్గలు నిమిరి "నా బంగారం, కనిపెట్టాడు" అంది.

మీ అత్తగారితో గొడవ పెట్టుకోకండి, పెద్దావిడ, ఆవిడ చిన్నప్పుడు విన్నదే చెబుతున్నారు. పాపని ఒక ఆదివారం రాజమండ్రి తీసుకెళ్లి ఆ పిల్లర్లు చూపించండి. బావి ఎలా దిగుతుందో చెప్పండి, కోడికూర సంగతి కూడా చెప్పండి, నవ్వుతుంది. కుక్కపిల్ల సంగతి ఇంకొంచెం పెద్దయ్యాక.